తెవికీలో రాసిన పేరా మర్నాటికి మాయం, ఇప్పుడేం చెయ్యాలి?

కొత్తకలం

అందరికీ నమస్కారం. తెలుగు వికీపీడియాలో ఈమధ్యే ఖాతా తెరిచాను. మేత ఎక్కడ దొరికిందో ఒక తేనెటీగ మిగతావాటికి నాట్యం చేసి చెబుతుంది కదా, దాని గురించి తేనెటీగల వ్యాసంలో ఒక పేరా చేర్చాను. మర్నాడు చూస్తే పేరా లేదు. పైన "చరిత్ర" అని ఉంటే నొక్కాను. "మూలం లేదు, శైలి" అని రెండు ముక్కలు రాసి ఎవరో తీసేశారు. నేను ఏళ్ళ తరబడి ఈ సబ్జెక్టే పాఠం చెప్పాను, అందులో ఒక్క తప్పు లేదు. మళ్ళీ అదే పెట్టెయ్యనా? ఎవరినైనా అడగాలా? అడగాలంటే ఎక్కడ? ఇక్కడ వికీలో రాసేవాళ్ళు కొందరున్నారని విని ఈ దారం మొదలుపెట్టాను.

పక్కబెంచీ

మళ్ళీ పెట్టకు తమ్ముడూ, ఆ ఒక్క పని మాత్రం చెయ్యకు. నువ్వు పెట్టడం, వాళ్ళు తియ్యడం, మళ్ళీ నువ్వు పెట్టడం, ఇలా సాగితే దాన్ని దిద్దుబాటు యుద్ధం అంటారు. అందులోకి దిగాక ఎవరిది రైటో ఎవరూ చూడరు. ఇంగ్లీషు వికీపీడియాలో అయితే ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాళ్ళ మార్పుల్ని వెనక్కి తిప్పితే ఖాతాని కొంతకాలం నిరోధించొచ్చని నియమమే ఉంది. చరిత్రలో తీసేసినవాళ్ళ పేరు పక్కన "చర్చ" అని లింకు ఉంటుంది, అది నొక్కి నేరుగా అడగొచ్చు. ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ ఉంటుంది, అక్కడ అడిగితే ఇంకా మంచిది, రేపు ఇంకొకరికి ఇదే డౌటు వస్తే చదువుకుంటారు. మొత్తం వికీకి సంబంధించిన సంగతైతే రచ్చబండ అనే ఉమ్మడి చర్చా పేజీ ఉంది.

మూలాలపిచ్చి

ముందు ఒక మాట, మీ పేరా ఎక్కడికీ పోలేదు. చరిత్ర పేజీలో మీ పేరున్న వరసలో తేదీ, సమయం కనిపిస్తాయి, దాని మీద నొక్కితే ఆ నిమిషానికి వ్యాసం ఎలా ఉండేదో అలాగే తెరుచుకుంటుంది. మీ పేరా అక్కడ భద్రంగా ఉంటుంది. దాన్ని కాపీ చేసి మీ ప్రయోగశాలలో పెట్టుకోండి. లాగిన్ అయితే పైన ఉండే మెనూలోనే ప్రయోగశాల లింకు ఉంటుంది. అక్కడ ఎంత గందరగోళం చేసినా వ్యాసానికి ఏమీ కాదు. ఆ పేరా ఇక్కడ కూడా పెట్టండి, చూద్దాం. చూడకుండా సలహాలిస్తే గాల్లో కత్తి తిప్పినట్టు ఉంటుంది.

కొత్తకలం

తమ్ముడూ అన్నారు, సంతోషం. కాకపోతే నేను రిటైరైన టీచరమ్మని, తమ్ముడినయ్యే యోగం లేదు :)

దొరికింది. ఇదిగో నేను రాసింది:

"తేనెటీగలు ప్రకృతిలోని అద్భుతాలలోకెల్లా అద్భుతం! పూలు దొరికిన తేనెటీగ గూటికి తిరిగివచ్చి మనోహరంగా నాట్యం చేస్తుంది. ఈ నాట్యంలో అది ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతుంది. దీన్నిబట్టి పూలు ఎటువైపు, ఎంత దూరంలో ఉన్నాయో మిగతా ఈగలకు తెలిసిపోతుంది. దీన్ని కనిపెట్టిన మహా శాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్ గారికి నోబెల్ బహుమతి లభించింది. మనుషులమైన మనం కూడా వీటిని చూసి ఐకమత్యం నేర్చుకోవాలి."

తప్పెక్కడుందో చెప్పండి.

పక్కబెంచీ

అయ్యో, క్షమించండి టీచర్ గారూ. ఈ వేదికలో అందరూ కుర్రాళ్ళే అనుకుని నోరు జారాను.

మూలాలపిచ్చి

నమస్కారం టీచర్ గారూ. మీ సైన్సులో తప్పు పట్టడానికి నాకు అర్హత లేదు. అక్కడ అడుగుతున్నది వేరే. మీరు క్లాసులో చెబితే పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది మీరు. వికీలో చదివేవాళ్ళకి మీరు కనిపించరు. ఖాతా పేరు వెనక జీవశాస్త్రం టీచరు ఉండొచ్చు, సెలవుల్లో కాలక్షేపానికి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లాడూ ఉండొచ్చు, ఇద్దరు రాసినదీ ఒకేలా కనిపిస్తుంది. అందుకని "రాసినవాళ్ళకి తెలుసు" అన్నది అక్కడ చెల్లదు. చదివేవాళ్ళు తమంతట తాము వెళ్ళి సరిచూసుకునే దారి ఉండాలి. దాన్నే నిర్ధారత్వం అంటారు. నోబెల్ గ్రహీత స్వయంగా వచ్చి తన పరిశోధన గురించి రాసినా ఇదే అడుగుతారు, ఫలానా పత్రికలో ఫలానా సంవత్సరం అచ్చయింది అని చూపించమంటారు.

ఇక వాక్యాల సంగతి.

మొదటి వాక్యం మొత్తం తీసెయ్యండి. అద్భుతం అని మనం అనకూడదు, ఆశ్చర్యార్థకం అసలే వద్దు. రెండోదాంట్లో "మనోహరంగా" పోవాలి, "గూడు" బదులు "పట్టు" అంటే సరిపోతుంది. మూడు, నాలుగు వాక్యాలే ఈ పేరాకి ప్రాణం, పేచీ కూడా అక్కడే. ఎనిమిది అంకెలా తిరుగుతుంది అన్నారు, దాన్నిబట్టి తెలిసిపోతుంది అన్నారు. ఎలా తెలుస్తుంది? ఎనిమిది అంకెలో దిక్కు ఎక్కడుంది, దూరం ఎక్కడుంది? మీకు తెలుసు కాబట్టి ఆ మెట్టు దూకేశారు. విజ్ఞాన సర్వస్వం తెరిచినవాళ్ళు వచ్చిందే ఆ మెట్టు కోసం. అయిదో వాక్యంలో "మహా", "గారికి" తీసెయ్యాలి, ఏ సంవత్సరం, ఏ విభాగంలో, ఎవరెవరితో కలిసి అన్నది చేర్చాలి, ఎందుకంటే ఆయన ఒక్కడికే రాలేదు. చివరి వాక్యం పాఠ్యపుస్తకంలో బాగుంటుంది, ఇక్కడ ఉండకూడదు.

అక్షరపక్షి

"గారు" దగ్గర ఆగుతాను, ఎందుకంటే తెలుగులో రాసే కొత్తవాళ్ళలో చాలామందికి మొదటి గొడవ ఇక్కడే వస్తుంది. తెవికీ శైలిలో వ్యక్తుల గురించి ఏకవచనంలో రాస్తారు. శ్రీ, గారు, డాక్టర్ తగిలించరు. చిన్నా పెద్దా, బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ "రాశాడు", "పుట్టింది". మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. అయితే ఒకసారి ఎదురుగా ఆలోచించండి. ఒకరికి గారు పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే ఎవరు గౌరవానికి తగినవారో తేల్చే పని రాసేవాళ్ళ మీద పడుతుంది. హంతకుడికి పెట్టాలా? ఓడిపోయిన నాయకుడికి? అందరికీ ఒకే కొలత పెట్టడం వల్ల ఆ తలనొప్పి వదిలింది. చర్చ పేజీల్లో మాత్రం తోటి వాడుకరులని గారూ అనే పిలుచుకుంటారు, అది మర్యాద.

నిశాచరి

నాకు వేరే అభిప్రాయం ఉంది. టీచర్ గారి పేరాలో మూడు వాక్యాలు ఉంచదగ్గవే. తీసేసినవాళ్ళు మొత్తం ఊడ్చెయ్యకుండా పొగడ్తలు కోసేసి, మిగతాదానికి "మూలం కావాలి" అని మూస (వాక్యం పక్కన కనిపించే హెచ్చరిక ముక్క) తగిలించి, చర్చ పేజీలో రెండు లైన్లు రాసి ఉండొచ్చు. కొత్తవారిని కరవొద్దు అని వికీపీడియాలోనే రాసిపెట్టుకున్నారు కదా. మొదటి రోజే రద్దు చూసి వెళ్ళిపోయినవాళ్ళు తిరిగి రారు. పాతవాళ్ళు నియమం పేరు చెప్పి చేతులు దులుపుకుంటే ఎలా?

మూలాలపిచ్చి

నిశాచరి గారూ, మాట కఠినంగా ఉందంటే ఒప్పుకుంటాను. "మూలం లేదు, శైలి" అనడం నాకూ నచ్చలేదు. మూస తగిలించి వదిలెయ్యడం గురించి మాత్రం ఒప్పుకోను. ఆ మూస తగిలి ఏళ్ళ తరబడి అలాగే ఉన్న వాక్యాలు కొల్లలు. అవి ఈలోపు వెబ్‌సైట్లలోకి వెళ్ళిపోతాయి, అక్కడినుంచి వ్యాసంగా తిరిగొస్తాయి, అప్పుడు ఇంకొకరు ఆ వ్యాసాన్నే మూలంగా చూపిస్తారు. పాము తన తోక తానే మింగుతుంది. బతికున్న మనిషి గురించిన ఆరోపణ లాంటిదైతే మూస కూడా పెట్టకుండా వెంటనే తీసెయ్యాల్సిందే. తేనెటీగ ఎవరి మీదా పరువునష్టం దావా వెయ్యదు కాబట్టి ఇక్కడ కొంచెం ఓపిక పట్టి ఉండొచ్చు, అంతవరకు మీతో ఉన్నాను.

నిశాచరి

దావా వెయ్యదు గానీ కుడుతుంది. సరే, ముందుకు పోదాం. టీచర్ గారు చూస్తున్నారు, మనం మనం తర్వాత కొట్టుకుందాం.

కొత్తకలం

చూస్తూనే ఉన్నాను, స్టాఫ్ రూంలో కూచున్నట్టే ఉంది. మూలాలపిచ్చి గారు మెట్టు దూకారు అన్నది సూటిగా తగిలింది, నిజమే. ఇప్పుడు నా ప్రశ్న: మూలం అంటే ఏది పనికొస్తుంది? నా దగ్గర డిగ్రీ జంతుశాస్త్రం పాఠ్యపుస్తకం ఉంది, ఇంగ్లీషుది, పాతది. ఇంగ్లీషు వికీపీడియాలో పెద్ద వ్యాసం ఉంది. యూట్యూబులో చక్కటి వీడియోలు ఉన్నాయి. ఒక బ్లాగులో అయితే తెలుగులోనే ఎంత బాగా రాశారో!

మూలాలపిచ్చి

మీ పాఠ్యపుస్తకం బంగారం. పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, పేజీ సంఖ్య ఇవ్వండి చాలు. నెట్‌లో లేని పుస్తకమైనా పర్వాలేదు, గ్రంథాలయానికి వెళ్ళి చూసుకోగలిగితే సరిచూసుకోగలిగినట్టే. మూలం తెలుగులోనే ఉండాలన్న నియమమూ లేదు. పాతదైతే చిక్కల్లా ఈలోపు శాస్త్రం ఏమైనా మారిందా అన్నదే, కాబట్టి అంకెల వంటివాటికి కొత్త పుస్తకం కూడా ఒకటి చూడండి.

ఇంగ్లీషు వికీ వ్యాసాన్ని మూలంగా ఇవ్వకూడదు. దాని కింద ఉన్న మూలాలు తెరిచి, మీరు స్వయంగా చదివి, వాటిని ఇవ్వొచ్చు. చదవకుండా ఎత్తి అంటించొద్దు, ఆ వాక్యానికీ ఆ మూలానికీ సంబంధం లేకపోయిన సందర్భాలు నేను చాలా చూశాను. నోబెల్ విషయానికి నోబెల్ బహుమతుల అధికారిక వెబ్‌సైటు ఉంది, అంతకన్నా ఏం కావాలి. వీడియో ఎవరు పెట్టారన్నది చూడాలి, విశ్వవిద్యాలయం పెట్టిన పాఠం వేరు, ఎవరో కామెంటరీ చెప్పిన వీడియో వేరు. బ్లాగు ఎంత బాగున్నా మామూలుగా చెల్లదు, రాసినదాన్ని సరిచూసే సంపాదకుడు అక్కడ ఉండడు. ఆ బ్లాగులోంచి వాక్యాలు ఎత్తడం అసలే వద్దు, అది కాపీహక్కుల ఉల్లంఘన, మూలం చెప్పినా ఉల్లంఘనే.

పక్కబెంచీ

ఇంకోటి, ఈమధ్య అందరూ చాట్‌బాట్‌తో పేరా రాయించి తెచ్చి అతికిస్తున్నారు. అవి లేని పుస్తకానికి లేని పేజీ నంబరు కూడా నమ్మకంగా ఇచ్చేస్తాయి. పుస్తకం తెరిస్తే గానీ బండారం బయటపడదు. టీచర్ గారికి ఆ అవసరం లేదనుకోండి, దారం చదివే మిగతావాళ్ళ కోసం అంటున్నా.

కొత్తకలం

అర్థమైంది. ఇప్పుడు బొత్తాల సంగతి చెప్పండి. పుస్తకం పేరు బ్రాకెట్లో రాసేస్తే చాలదా?

పక్కబెంచీ

చాలదండీ. వ్యాసం తెరిచి "సవరించు" నొక్కండి. పక్కనే "మూలపాఠ్యాన్ని సవరించు" కూడా ఉంటుంది, అది కోడు కనిపించే రకం, ప్రస్తుతానికి దాని జోలికి పోకండి. మొదటిదాన్ని విజువల్ ఎడిటర్ అంటారు, వర్డ్‌లో టైపు చేసినట్టే ఉంటుంది. వాక్యం రాసి, చివర ఫుల్‌స్టాప్ పెట్టి, కర్సరు దాని పక్కనే ఉంచి, పైన పట్టీలో కొటేషన్ గుర్తు బొమ్మ ఉన్న బొత్తం నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. వెబ్‌సైటు అయితే చిరునామా అందులో అతికిస్తే చాలు, పేరు, తేదీ దానంతటదే లాగి తెచ్చుకుంటుంది. పుస్తకమైతే అట్ట వెనక ఉండే ఐఎస్‌బీఎన్ సంఖ్య కొట్టి చూడండి, చాలాసార్లు వివరాలు వచ్చేస్తాయి. మీది పాత పుస్తకం అన్నారు, ఆ సంఖ్య లేకపోతే చేత్తో నింపే ట్యాబ్ ఉంది. వచ్చినదాన్ని ఒకసారి చదవండి, రచయిత పేరు చోట వెబ్‌సైటు పేరు పడుతూ ఉంటుంది. అదే పుస్తకాన్ని నాలుగు వాక్యాల తర్వాత మళ్ళీ చూపించాలంటే కొత్తగా నింపక్కర్లేదు, ముందు ఇచ్చినదాన్నే తిరిగి వాడుకునే ట్యాబ్ అక్కడే ఉంటుంది.

అయ్యాక ప్రచురించే ముందు "సారాంశం" అని ఒక గడి అడుగుతుంది. అందరూ ఖాళీగా వదిలేసేది దాన్నే. "తేనెటీగ నాట్యంపై పేరా, మూలాలతో" అని రాయండి. మార్పులు గమనించేవాళ్ళకి మొదట కనిపించేది ఆ లైనే. ఖాళీ సారాంశం, కొత్త ఖాతా, మూలం లేని పేరా, మూడూ కలిస్తే ఎవరికైనా వేలు రద్దు బొత్తం మీదకే పోతుంది.

"చిన్న మార్పు" అని టిక్ పెట్టే గడి కూడా ఉంటుంది. అచ్చుతప్పు దిద్దినప్పుడు మాత్రమే అది. పేరా చేర్చి టిక్ పెడితే దాచిపెట్టి చేసినట్టు ఉంటుంది.

కొత్తకలం

తెలుగు టైపింగు నాకు ఫోన్లో వచ్చు, కంప్యూటర్లో రాదు. మొన్న పేరా ఫోన్లో టైపు చేసి మెయిలు పంపుకుని అతికించాను.

పక్కబెంచీ

ఆ తిప్పలు అక్కర్లేదు. వికీలోనే కీబోర్డు ఉంది. ఎడిటర్లో కర్సరు పెట్టగానే మూలన చిన్న కీబోర్డు బొమ్మ కనిపిస్తుంది, అందులో లిప్యంతరీకరణ ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడుతుంది, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక కూడా ఉంది. మధ్యలో ఇంగ్లీషు కావాలంటే కంట్రోల్, ఎం కలిపి నొక్కితే అటూ ఇటూ మారుతుంది. పాత డీటీపీ ఫైళ్ళలోంచి మాత్రం అతికించకండి, అవి యూనికోడ్ కాదు, చిత్రలిపి వస్తుంది.

నిశాచరి

లింకుల గురించి ఎవరూ చెప్పలేదు. మీ పేరాలో ఫ్రిష్ పేరుకి, నోబెల్ బహుమతికి, తిరగరాసేటప్పుడు సూర్యుడి మాట వస్తే దానికి, తెవికీలో పేజీలుంటే లింకు ఇవ్వాలి. విజువల్ ఎడిటర్లో గొలుసు బొమ్మ. మూలపాఠ్యంలో అయితే రెండేసి చదరపు బ్రాకెట్లు, ఇలా: [[సూర్యుడు]]. మన భాషలో మాట చివర మారుతుంది కదా, వాక్యంలో "సూర్యుడి" అని ఉంటే [[సూర్యుడు|సూర్యుడి]] అని నిలువు గీత పెట్టి రాస్తాం. ఎడమ పక్కది పేజీ పేరు, కుడి పక్కది పాఠకుడికి కనిపించేది. ప్రతి మాటకీ లింకు ఇవ్వకండి, పేరా అంతా నీలంగా మారి ఏది ముఖ్యమో తెలీదు. ఎర్ర లింకు కనిపిస్తే భయపడొద్దు, ఆ పేజీ ఇంకా ఎవరూ రాయలేదని అర్థం.

ఇదే సందర్భంలో ఒక చికాకు చెప్పాలి. సాఫ్ట్‌వేర్ అనే మాటని "సాఫ్ట్వేర్" అని ఒత్తుతోనూ రాస్తారు, "సాఫ్ట్‌వేర్" అని విడదీసీ రాస్తారు. విడదీసినప్పుడు మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. మనకి రెండూ ఒకే మాట, యంత్రానికి రెండు వేర్వేరు పేజీ పేర్లు. లింకు ఎర్రగా ఉందని కొత్త పేజీ మొదలుపెట్టేస్తారు, తీరా చూస్తే రెండో రూపంలో పేజీ ఎప్పుడో ఉంది. కొత్త పేజీ పెట్టే ముందు రెండు మూడు రకాలుగా రాసి వెతకండి. ఉంటే మిగతా రూపాలనుంచి దారిమార్పు పెడితే తర్వాత వచ్చేవాళ్ళకి ఆ బాధ ఉండదు.

తొంగిచూపు

దారం మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాను, దాని గురించి తెవికీలో పేజీ రాసుకోవచ్చా? వివరాలన్నీ మా వెబ్‌సైట్లో ఉన్నాయి.

మూలాలపిచ్చి

వద్దు. మీ గురించి మీరు, మీ సంస్థ గురించి మీరు రాయకూడదు. మీ వెబ్‌సైటు మీరు చెప్పుకున్నదే, మీతో సంబంధం లేని నమ్మదగిన చోట్ల మీ కంపెనీ గురించి వివరంగా రాసి ఉంటే అప్పుడు ఎవరో ఒకరు రాస్తారు. డబ్బు తీసుకుని రాసిపెడతామనేవాళ్ళు తగులుతారు, జాగ్రత్త. డబ్బు తీసుకుని రాస్తే ఆ సంగతి వెల్లడించాలని వికీపీడియాని నడిపే వికీమీడియా వాడుక నియమాల్లోనే ఉంది.

తొంగిచూపు

ఓకే. అడిగి మంచి పని చేశాను.

అక్షరపక్షి

టీచర్ గారు పేరా తిరగరాస్తున్నట్టున్నారు, ఈలోపు అనువాదం గురించి. ఇంగ్లీషు వ్యాసం ఉంది కదా అని అనువాద పరికరం తెరిచి, యంత్రం ఇచ్చినదాన్ని అలాగే ప్రచురించేవాళ్ళు ఉన్నారు. పరికరం మంచిదే, లింకులు, మూలాలు తనే తెస్తుంది, ఎక్కడినుంచి అనువదించారో కూడా చరిత్రలో తనే నమోదు చేస్తుంది. పరికరం వాడకుండా చేత్తో అనువదిస్తే ఆ సంగతి సారాంశంలో మీరే రాయాలి, ఎందుకంటే వికీపీడియా పాఠ్యం ఉన్నది క్రియేటివ్ కామన్స్ బీవై ఎస్ఏ 4.0 లైసెన్సు కింద, రాసినవాళ్ళకి గుర్తింపు ఇవ్వడం అందులో షరతు. బాధంతా యంత్రం తెలుగుతోనే. "నాట్యం తేనెటీగల చేత ప్రదర్శించబడుతుంది" అని వస్తుంది. తేనెటీగలు నాట్యం చేస్తాయి! అంతే కదా! బడు బడు అంటూ ప్రతి వాక్యం బరువెక్కిపోతుంది. పరికరం హెచ్చరిస్తుంది కూడా, యంత్రం రాసినది మార్చకుండా ఎక్కువ ఉంచేశారని. అది తప్పించుకోవడానికి అక్కడో మాట ఇక్కడో మాట మార్చేసి నొక్కేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. నా పద్ధతి ఏంటంటే పేరా మొత్తం చదువుకుని, అది మూసేసి, తెలుగులో చెప్పినట్టు రాసుకుని, తర్వాత వాస్తవాలు ఒక్కొక్కటి సరిపోల్చుకుంటాను.

కొత్తకలం

ఇదిగో, రెండో ప్రతి. పుస్తకం ఎదురుగా పెట్టుకునే రాశాను.

"మేత దొరికిన తేనెటీగ పట్టుకు తిరిగివచ్చి, నిలువుగా ఉన్న పట్టు మీద ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతుంది. ఆ ఆకారం నడుమ తిన్నగా సాగే పరుగులో అది పొట్టను అటూ ఇటూ ఊపుతుంది. ఈ పరుగుకూ నిలువు గీతకూ మధ్య ఉన్న కోణం, సూర్యుడి దిక్కుకూ మేత ఉన్న దిక్కుకూ మధ్య ఉన్న కోణాన్ని సూచిస్తుంది. పరుగు నేరుగా పైకి సాగితే మేత సూర్యుడు ఉన్న వైపే ఉన్నట్టు, కిందికి సాగితే దానికి ఎదురు వైపు ఉన్నట్టు. మేత దూరమయ్యే కొద్దీ పరుగు ఎక్కువసేపు సాగుతుంది. మేత 100 మీటర్ల లోపు ఉంటే తేనెటీగ ఇలా కాక గుండ్రంగా తిరుగుతుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్ ఈ నాట్యం అర్థాన్ని వివరించాడు. జంతువుల ప్రవర్తనపై చేసిన పరిశోధనకు 1973లో అతనికి కోన్రాడ్ లోరెంజ్, నికోలాస్ టింబర్జెన్‌లతో కలిపి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు."

"వివరించాడు" అని రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

అక్షరపక్షి

బ్రహ్మాండం. నాకిప్పుడు ఆ ఈగ కళ్ళముందు తిరుగుతోంది.

నిశాచరి

100 మీటర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నేను చదివినదాంట్లో 50 మీటర్లు అని ఉంది. ఏది పెడదాం?

కొత్తకలం

నా పుస్తకంలో 100 అనే ఉంది, పేజీ తెరిచే ఉంది. అయితే తేనెటీగల జాతిని బట్టి ఈ హద్దు మారుతుందని కూడా తెలుసు, క్లాసులో ఎప్పుడూ అంత లోతుకు పోలేదు.

మూలాలపిచ్చి

ఇక్కడే చూడండి, మూలాలు ఉన్నా పని అయిపోదు. రెండు నమ్మదగిన పుస్తకాలు రెండు అంకెలు చెబితే మనం కూచుని సగటు తీసి 75 అనకూడదు, నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని దాచెయ్యకూడదు. సగటు తీస్తే అది మన సొంత పరిశోధన, మౌలిక పరిశోధనకి వికీలో చోటు లేదు. ఒకటి దాచేస్తే తటస్థత పోతుంది. రెండూ ఇచ్చి ఏది ఎక్కడిదో చూపించొచ్చు, లేదా "మేత దగ్గర్లో ఉంటే గుండ్రంగా తిరుగుతుంది, ఈ హద్దు జాతిని బట్టి మారుతుంది" అని రాసి, ఆ మారుతుందన్న ముక్కకి మూలం ఇవ్వొచ్చు. నాకు రెండోది నచ్చింది, చదివేవాళ్ళకి అంకె కన్నా అదే పనికొస్తుంది. అయినా మూలం మీ చేతిలో ఉంది, మీరే తేల్చండి.

కొత్తకలం

రెండోదే రాస్తాను. జాతుల సంగతి పుస్తకంలోనే ఇంకో అధ్యాయంలో ఉంది, ఇప్పుడే దొరికింది. సరే, ఇప్పుడు నేరుగా వ్యాసంలో పెట్టెయ్యనా, తీసేసినవాళ్ళని ముందు అడగాలా?

పక్కబెంచీ

అనుమతి ఎవరిదీ అక్కర్లేదండీ, వ్యాసం ఎవరి సొంతమూ కాదు. చొరవగా మార్చమనే వికీ చెబుతుంది. కాకపోతే ఒకసారి తీసేశారు కాబట్టి చర్చ పేజీలో రెండు వాక్యాలు రాసి పెట్టండి: ఇంతకుముందు మూలం లేదని తొలగించారు, ఇప్పుడు మూలాలతో, శైలి మార్చి చేరుస్తున్నాను, లోపాలుంటే చెప్పగలరు. "నా పేరా ఎందుకు తీశారు" అని మొదలుపెట్టకండి. చివర నాలుగు టిల్డాలు ~~~~ కొడితే మీ పేరు, తేదీ వాటంతటవే పడతాయి. ఉన్న చర్చకి జవాబిచ్చేటప్పుడు "సమాధానం" బొత్తం వాడితే అదీ అక్కర్లేదు. వ్యాసం పైన నక్షత్రం గుర్తు ఉంటుంది, అది నొక్కితే పేజీ మీ వీక్షణ జాబితాలో చేరుతుంది, ఎవరు ఏం మార్చినా తెలుస్తుంది.

అక్షరపక్షి

ఒక సలహా, కోప్పడనంటే చెబుతా. పెద్ద పేరాలతో పాటు రోజూ కొన్ని చిన్న దిద్దుబాట్లు చెయ్యండి. యాదృచ్ఛిక పేజీ లింకు నొక్కితే ఏదో ఒక వ్యాసం తెరుచుకుంటుంది, అందులో అచ్చుతప్పు, తెగిన వాక్యం, లేని లింకు ఏదో ఒకటి కనిపిస్తుంది. చెయ్యి తిరుగుతుంది, మిగతావాళ్ళకి మీ పేరు పరిచయమౌతుంది.

కొత్తకలం

కోపమెందుకు, జీవితమంతా పేపర్లు దిద్దినదాన్ని. నిన్న రాత్రి మీరు చెప్పకముందే మొదలుపెట్టాను, ఎర్ర పెన్ను లేని లోటు తప్ప హాయిగా ఉంది.

(కాసేపాగి) పెట్టేశాను. చర్చ పేజీలో కూడా రాశాను, టిల్డాలతో సహా.

నిశాచరి

చూశాను. మూడో మూలంలో ముద్రణ సంవత్సరం గడి ఖాళీగా ఉంది టీచర్ గారూ, అది నింపండి. నేను ఒక లింకు సరిచేశాను, తప్పుగా అనుకోకండి.

కొత్తకలం

నింపాను. తప్పెందుకు అనుకుంటాను, అలవాటు పడుతున్నాను. ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. ఆ కోణం మాటల్లో చెబితే సగం మందికి ఎక్కదు, బొమ్మ ఉండాలి. నెట్‌లో మంచి బొమ్మలున్నాయి, ఒకటి పెట్టెయ్యొచ్చా?

మూలాలపిచ్చి

నెట్‌లో దొరికింది అంటే వాడుకోవచ్చని కాదు. ముందు బొమ్మల ఖజానా అయిన వికీమీడియా కామన్స్‌లో వెతకండి, అక్కడివన్నీ స్వేచ్ఛా లైసెన్సులో ఉన్నవే, విజువల్ ఎడిటర్లో బొమ్మ చేర్చే చోట పేరు కొడితే నేరుగా కనిపిస్తాయి. తేనెటీగ నాట్యానికి రేఖాచిత్రాలు ఉన్నాయి, ఇంగ్లీషులో రాసినవి.

కొత్తకలం

నేనే గీస్తే? బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో. కాగితం మీద గీసి తెలుగులో పేర్లు రాసి ఫోటో తియ్యగలను.

మూలాలపిచ్చి

అంతకన్నా ఏం కావాలండీ! తెల్ల కాగితం, నల్ల ఇంకు, నీడ పడకుండా ఫోటో. కామన్స్‌లో అదే ఖాతాతో లాగిన్ అవ్వండి, ఎక్కించేటప్పుడు "సొంత కృతి" అని ఎంచుకోండి, లైసెన్సు అడిగినప్పుడు క్రియేటివ్ కామన్స్ ఎంచుకోండి. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకునే పుస్తకంలో కూడా వేసుకోవచ్చు, మీ పేరు చెప్పాలి అని దానర్థం, అది ఇష్టమైతేనే ఎక్కించండి. ఎక్కించాక వెనక్కి తీసుకోవడం కుదరదు. దస్త్రానికి పేరు కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలెయ్యకుండా "తేనెటీగ నాట్యం రేఖాచిత్రం" అని పెట్టండి. వివరణలో ఏ పుస్తకం ఆధారంగా గీశారో రాయండి, ఆ పుస్తకంలోని బొమ్మని చూసి దించకండి.

కొత్తకలం

దించను. సూర్యుడిని ఏ మూల పెట్టాలి, కుడి పైనా?

నిశాచరి

ఎక్కడ పెట్టినా పర్లేదు, కోణం రెండు చోట్లా సమానంగా గీస్తే చాలు. పక్కపక్కన రెండు బొమ్మలు వెయ్యండి, ఒకటి బయట సూర్యుడు, పట్టు, పూలు. రెండోది పట్టు మీద పరుగు. పేర్లు కాస్త పెద్ద అక్షరాలతో రాయండి, ఫోన్లో చూసేవాళ్ళే ఎక్కువ.